తడి ఆరని గాయం: ఒక నవలిక డైరీ

జనవరి 6

ఈ రోజు మొదటి పేజీ రాశాను. కారి అనే యువకుడిది ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవులు. వేసవిలో బార్లీ పండిస్తాడు, చలికాలంలో పడవ వేసుకుని కాడ్ చేపల వేటకు వెళతాడు. ఒకసారి ఒడ్డుకు తిమింగలం కొట్టుకొస్తుంది. అది ఎవరి తీరానికి చెందుతుందని ఇద్దరు దొరలు తగాదా పడతారు. ఆ తగాదాలో కారి పక్కటెముకల మధ్య ఈటె దిగుతుంది. నా కథ అక్కడ మొదలవుతుంది.

వీరుడి చావుతో ముగిసే కథలు నేను చాలా చదివాను. చచ్చిపోయిన మర్నాడు పొద్దున ఎలా ఉంటుందో చెప్పినవి తక్కువ. ఆకలి వేస్తుందా? చలి తెలుస్తుందా? పక్కన కూర్చున్నవాడు తనను చంపినవాడే అయితే వాడితో ఏం మాట్లాడాలి? ఇవి నన్ను ఏళ్ల తరబడి వదలని ప్రశ్నలు.

నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. పాత నార్స్, అంటే వైకింగుల కాలపు స్కాండినేవియా, ఆధారాల్లో ఏముందో ముందు సరిగ్గా తెలుసుకోవాలి, కల్పన ఆ తర్వాత. ముఖ్యమైన ఆధారాలు రెండు. ఒకటి, 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రాతప్రతిలో మిగిలిన పాత పాటలు. రెండోది, 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ రాసిన ఎడ్డా అనే పురాణ గ్రంథం. ఐస్‌లాండ్ క్రైస్తవ మతంలోకి మారింది 1000 ప్రాంతంలో. అంటే కారి చేరబోయే వాల్‌హల్లాను, యుద్ధంలో చచ్చిన వీరులు వెళ్లే ఆ స్వర్గాన్ని, కాగితం మీద పెట్టినవాళ్లెవరూ దాన్ని నమ్ముతూ చనిపోయినవాళ్లు కారు. ఈ సంగతి రాసేటప్పుడు నాకు ఎప్పుడూ గుర్తుండాలి.

జనవరి 15

వాల్‌హల్లాను కళ్లారా చూడకుండా అందులో మనిషిని నడిపించలేనని తేలిపోయింది. అందుకే అట్టతో నమూనా చేయడం మొదలుపెట్టాను.

పాత పాట ఇచ్చే కొలతలు ఇవి: వాల్‌హల్లాకు అయిదు వందల నలభై ద్వారాలు. చివరి యుద్ధం నాడు ఒక్కో ద్వారం నుంచి ఎనిమిది వందల మంది ఒక్కసారిగా బయటికి వస్తారు. పైకప్పు డాళ్లతో నేసింది, వాసాలు ఈటెలు, బల్లల మీద ఇనుప కవచాలు పరిచి ఉంటాయి. పడమటి ద్వారం ముందు ఒక తోడేలు వేలాడుతుంటుంది, దానిపైన డేగ తిరుగుతుంటుంది.

పోలికకు నిజమైన ఇల్లు ఒకటి దొరికింది. లోఫోటెన్‌లోనే బోర్గ్ అనే చోట తవ్వకాల్లో బయటపడిన దొర ఇల్లు 83 మీటర్ల పొడవు. వైకింగుల కాలపు ఇళ్లలో అంత పెద్దది మరొకటి దొరకలేదు. కారి బతికుండగా చూసిన అతి పెద్ద ఇల్లు అదే అనుకున్నాను. ఇక వాల్‌హల్లా లెక్క: ఒక్కో ద్వారం మీటరు వెడల్పు, రెండు ద్వారాల మధ్య మీటరు గోడ అనుకుంటే చుట్టుకొలత 1,080 మీటర్లు. అడ్డం 40 మీటర్లు పెడితే పొడవు 500. బోర్గ్ ఇంటికి ఆరు రెట్లు. నమూనాలో ఇది మీటరు పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు. ఒక్కో ద్వారం రెండు మిల్లీమీటర్లు.

బ్లేడుతో ఈ సాయంత్రం డెబ్బై ద్వారాలు కోశాను.

జనవరి 17

540ని 800తో హెచ్చిస్తే 4,32,000. ఈ అంకె చూడగానే తెలుగు పంచాంగం చదివే ఎవరికైనా ఒళ్లు ఝల్లుమంటుంది, కలియుగం నిడివి సరిగ్గా అన్నేళ్లు. నాకూ అలాగే అయింది. ఒక గంటసేపు దీని మీదే ఒక అధ్యాయం కట్టేశాను కూడా.

తర్వాత పాత నార్స్ లెక్కింపు గురించి చదివాను. వాళ్ల 'వంద' చాలాచోట్ల నూట ఇరవై. ఆ లెక్కన అయిదు వందల నలభై అంటే 640, ఎనిమిది వందలంటే 960. మొత్తం 6,14,400 మంది. కలియుగం చేజారింది. అధ్యాయం తీసేశాను. పాట కట్టినవాడికి అంకె కన్నా లెక్కకు అందనంత పెద్దది అన్న భావమే ముఖ్యమని నాకనిపిస్తోంది. అయినా ద్వారాలు 540 గానే ఉంచాను. అప్పటికే రెండు గోడలు కోసేశాను.

జనవరి 23

నమూనా పూర్తయింది. చీకటి గదిలో దాని లోపల చిన్న దీపం పెట్టి, నేల మీద పడుకుని ఒక చివర నుంచి లోపలికి చూశాను. నా కథ దిశ ఆ చూపుతోనే మారిపోయింది.

వెలుగు నిలవడం లేదు. ఎటు చూసినా ద్వారాలే, అన్నిటి నుంచీ బయటికి కారిపోతోంది. అంత చలి దేశంలో ఇల్లంటే ఒకటో రెండో తలుపులు, మందపాటి మట్టిగోడలు, మధ్యలో నిప్పు. ఇన్ని ద్వారాల కట్టడంలో ఎవరూ వెచ్చగా పడుకోలేరు. ఇది కాపురానికి కట్టింది కాదు, ఒక్క కేకకు అందరూ బయటపడడానికి కట్టింది. దండు విడిది.

నిజానికి స్నోరి దీన్ని దాచలేదు. దేవతల రాజు ఓడిన్ వీరులను పోగుచేసేది చివరి యుద్ధం కోసం. ఆ యుద్ధంలో ఓడిన్‌ను ఫెన్రిర్ అనే తోడేలు మింగేస్తుందని అందరికీ ముందే తెలుసు. ఓడిపోతామని తెలిసిన యుద్ధానికి జరుగుతున్న సైనిక భర్తీ అది. చచ్చిన వీరులను వాల్‌హల్లాకు చేర్చే ఓడిన్ దూతిక వాల్కిరీ; ఆ మాటకు అర్థమే 'హతులను ఎంచుకునేది'. కారికి దక్కింది బహుమానమని మొదటి అధ్యాయంలో రాశాను. ఆ మాట కొట్టేశాను.

ఫిబ్రవరి 2

వంటశాల అధ్యాయం. రాస్తుంటే చేతికి అలుపు తెలియలేదు.

ఈ స్వర్గంలో వంటవాడి పేరు ఆండ్‌హ్రీమ్నిర్, వండే కాగు ఎల్డ్‌హ్రీమ్నిర్, రోజూ ఉడికి సాయంత్రానికి మళ్లీ బతికే పంది సేహ్రీమ్నిర్. మూడు పేర్లలోనూ వినిపించే 'హ్రీమ్' అనే మాటకు మసి అని అర్థం చెబుతారు. ఎవరో పాటగాడు పొగ నిండిన వంటింట్లో కూర్చుని ఈ పేర్లు కట్టి ఉంటాడు. దేవతల లోకమైనా వంటింటి గోడకు మసి పట్టక తప్పదు! తెలుగులో వంటవాణ్ణి 'మసిమొగం' అనే పిలిపించాను. పైకప్పు మీద నిలబడి లేరాద్ అనే చెట్టు ఆకులు మేసే మేక హైద్రూన్. దాని పొదుగు నుంచి పాలకు బదులు తేనె మద్యం కారుతుంది. ఓడిన్ మాత్రం ఏమీ తినడు. తన వాటా మాంసం పక్కనున్న రెండు తోడేళ్లకు వేసి, ద్రాక్షసారా తాగుతూ కూర్చుంటాడు.

పెట్టేవాడు తినని విందు. కారి మొదటి రాత్రే ఇది గమనిస్తాడు. రైతు బిడ్డ కదా, యజమాని తనతో కలిసి తినని చోట జాగ్రత్తగా ఉండాలని వాడికి తెలుసు.

ఫిబ్రవరి 11

మాటల దగ్గర ఆగిపోయాను. వాల్‌హల్లాను 'వీరస్వర్గం' అంటే పాఠకుడికి క్షణంలో అర్థమవుతుంది. కానీ ఆ మాట ఒంటరిగా రాదు, పారిజాతాన్నీ అప్సరసలనూ వెంటబెట్టుకొస్తుంది. మన స్వర్గంలో పుణ్యం ఖర్చయ్యాక మళ్లీ భూమికి రావాలి. ఇక్కడ పుణ్యం లెక్కే లేదు, తిరుగు దారీ లేదు. అందుకని వాల్‌హల్లాను వాల్‌హల్లాగానే ఉంచాను. 'వీరస్వర్గం' ఒక్కచోటే వస్తుంది, శవం మీద నిలబడి దొర చెప్పే పొగడ్తలో. అక్కడ అది సరిగ్గా సరిపోయింది.

'హెల్' అనే లోకాన్ని నరకం అనడం మాత్రం పూర్తిగా తప్పు. జబ్బుతోనో ముసలితనంతోనో పోయినవాళ్లు అక్కడికి వెళతారు. వాళ్లు పాపులు కారు, ఈటె తగలకుండా చనిపోయారు, అంతే. స్నోరి ఆ లోకపు రాణి ఇంట్లో పళ్లేనికి ఆకలి అనీ కత్తికి కరువు అనీ పేర్లు పెట్టాడు నిజమే. కానీ దేవతలందరికీ ముద్దైన బాల్డర్ చనిపోయి చేరింది అక్కడికే, గౌరవాసనం మీద కూర్చున్నదీ అక్కడే.

ఫిబ్రవరి 20

యుద్ధం అధ్యాయం మూడోసారి పాడైంది.

ప్రతి ఉదయం వీరులు ఆయుధాలు పట్టి ముంగిట్లోకి వస్తారు, ఒకరినొకరు నరుక్కుంటారు, భోజనం వేళకు లేచి స్నేహంగా వచ్చి తాగుతారు. ఎడ్డాలో ఇది నాలుగు వాక్యాలు. పాతిక పేజీల్లో రాస్తే చప్పగా ఉంది. పొద్దున తెగిన చెయ్యి సాయంత్రానికి అతుక్కుంటుందని తెలిశాక కత్తి ఎత్తినా దించినా ఒకటే. పాఠకుడు ఎందుకు భయపడాలి?

ఫిబ్రవరి 27

జవాబు దొరికింది. హెల్గి కథలో.

హెల్గి అనే వీరుణ్ణి అతని బావమరిది ఓడిన్ ఇచ్చిన ఈటెతోనే చంపుతాడు. అతని భార్య సిగ్రూన్ ఏడుపు ఆపదు. ఒక సాయంత్రం ఆమె దాసి, చనిపోయిన హెల్గి గుర్రం మీద తన సమాధి దిబ్బలోకి వెళ్లడం చూస్తుంది. సిగ్రూన్ పరుగెత్తుకెళుతుంది. హెల్గి జుట్టు మంచు పట్టి ఉంది, ఒళ్లంతా నెత్తురు తడి. ఎందుకిలా ఉన్నావని అడిగితే అతడు చెప్పే జవాబు నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు: కారణం నువ్వే సిగ్రూన్, నువ్వు ఏడ్చే ప్రతి కన్నీటి చుక్కా నెత్తురై నా రొమ్ము మీద పడుతోంది. ఆ తడికి పాటలో ఉన్న పేరు 'హార్మ్‌డోగ్'. దుఃఖం, మంచు అనే రెండు మాటలు కలిపి కట్టింది. తెలుగులో 'దుఃఖపు మంచు' అని పెట్టుకున్నాను.

ఆమె ఆ దిబ్బలోనే పక్క పరుస్తుంది. ఆ రాత్రి చనిపోయినవాడి చేతుల్లో నిద్రపోతుంది. సాల్గోఫ్నిర్ అనే కోడి కూసి వీరులను లేపేలోగా అతడు వెళ్లిపోవాలి. వెళతాడు. మరునాటి సాయంత్రం ఆమె ఎదురుచూస్తుంది. అతడు రాడు.

ఇక నా కథలో నియమం ఇది: వాల్‌హల్లాలో తగిలిన ప్రతి గాయం సాయంత్రానికి మానిపోతుంది. ఇంట్లో ఎవరో ఏడుస్తుంటే మాత్రం, తనను చంపిన ఆ మొదటి గాయం తడిగానే ఉంటుంది. కారి రొమ్ము మీద ఆ తడి ఆరదు. ఊరిలో భార్య ఆసా ఏడుస్తోందని వాడికి దానివల్లే తెలుస్తుంది. బల్ల మీద కూర్చున్న వేలమందిలో ఎవరి చొక్కా తడిగా ఉందో, ఎవరిది పొడిగా ఉందో చూసుకుంటూ ఉంటారు. పొడి చొక్కాల వాళ్లు ఎక్కువ తాగుతారు.

యుద్ధం అధ్యాయం ఈ రాత్రే రాసేశాను. ఎనిమిది పేజీలు. ఒక్క కత్తిపోటూ వర్ణించనక్కర్లేకపోయింది.

మార్చి 9

కుటుంబం. చావు తీరును బట్టి లోకం మారితే ఒక ఇంట్లోవాళ్లు ఏమవుతారో కాగితం మీద గీసి చూశాను.

కారి, ఈటె దెబ్బ: వాల్‌హల్లా. అక్కడా చిక్కే, చనిపోయిన వీరుల్లో సగం మంది ఫ్రెయా దేవత వాటా, వాళ్లు ఫోక్‌వాంగ్ అనే ఆమె మైదానానికి పోతారు. పక్కనే పడిన స్నేహితుడు అటు వెళ్లిపోయాడు. తమ్ముడు ఉల్ఫ్, చేపల వేటలో మునిగాడు: సముద్రపు రాణి రాన్ వలలో పడ్డాడు. తల్లి గ్రో, జ్వరం: హెల్.

ఒకే పొయ్యి చుట్టూ పడుకున్న మనుషులు నాలుగు దిక్కులకు చెదిరిపోయారు. ఆ కాగితాన్ని గోడకు అంటించాను. రోజూ దాని ముందు నుంచే నడుస్తున్నాను, ప్రతిసారీ గొంతు పట్టేస్తోంది. నవలికకు వెన్నెముక ఇదే: కారి వాల్‌హల్లా వదిలి తల్లిని వెతుక్కుంటూ బయలుదేరతాడు. 540 ద్వారాలూ యుద్ధానికి తెరుచుకునేవే, ఇంటికి తెరుచుకునేది ఒక్కటీ లేదు. కాబట్టి మేక ఎక్కే చోటు నుంచి, పైకప్పు డాలు ఒకటి ఊడదీసి దూకుతాడు.

మార్చి 16

వంతెన అధ్యాయం. బాల్డర్‌ను హెల్ నుంచి వెనక్కి అడగడానికి దేవతలు పంపిన హెర్మోద్ తొమ్మిది రాత్రులు చీకటి లోయల్లో స్వారీ చేసి, బంగారం కప్పిన వంతెన చేరతాడు. కాపలా ఉన్న మోద్‌గుద్ అంటుంది: నిన్న అయిదు దండుల చచ్చినవాళ్లు దీని మీద వెళ్లారు, నువ్వొక్కడివే నడిచినా అంతే చప్పుడవుతోంది, నీ రంగు చచ్చినవాడిలా లేదు.

కారి చచ్చినవాడే. అయినా వాడు అడుగు పెట్టగానే వంతెన మోగాలని నిర్ణయించాను. మోద్‌గుద్ వాడి రొమ్ము మీద తడి చూస్తుంది. చూసి, దారి వదులుతుంది. సంభాషణ నాలుగు మాటలే. ఇంతకన్నా ఎక్కువ రాస్తే పాడవుతుంది.

మార్చి 29

పన్నెండు అధ్యాయాలు మా మేనత్తకు చదివి వినిపించాను. నలభై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి. నార్స్ పేర్లు ఆమెకు కొత్త, అయినా ఎక్కడా ఆపలేదు. ఆఖరున కళ్లజోడు తీసి, "ఇది ధర్మరాజు అడిగిన ప్రశ్నే కదా నాయనా" అంది.

నాకు వెంటనే అందలేదు. ఆమె చెప్పుకుపోయింది. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళితే అక్కడ దుర్యోధనుడు వెలిగిపోతూ కూర్చుని ఉంటాడు, తమ్ముళ్లు కనిపించరు. నా వాళ్లు ఎక్కడుంటే అదే నాకు స్వర్గం, అక్కడికే తీసుకెళ్లమంటాడు. తీసుకెళ్లిన చోటు నరకం. అక్కడ వాళ్ల గొంతులు విని, ఇక కదలనంటాడు.

చిన్నప్పుడు ఆమె దగ్గరే విన్న కథ. లోఫోటెన్ పడవవాడి కథ అనుకుంటూ దాన్నే తవ్వుకున్నాను. సంతోషం వేసింది, భయమూ వేసింది. ధర్మరాజుకు అది పరీక్ష, చివరికి తెర తొలగి అందరూ కలుస్తారు. కారికి పరీక్ష పెట్టినవాడు లేడు, తెర తీసేవాడు కూడా లేడు. ఈ తేడాను నేను చెరపకూడదు. అత్తయ్య ఇంకొక మాట అడిగింది: "మరి ఆ అబ్బాయికి తెర ఎవరు తీస్తారు?" నా దగ్గర జవాబు లేదు.

ఏప్రిల్ 13

వాల్‌హల్లా ఎవరి స్వర్గం అని వెతుకుతూ రెండు రాజస్తుతి గీతాల దగ్గరికి చేరాను. రెండూ నార్వే రాజులవే: ఒకటి 954లో చనిపోయిన ఎరిక్ మీద, రెండోది 961 ప్రాంతంలో పోయిన హాకన్ మీద. రెండింటిలోనూ చనిపోయిన రాజు వాల్‌హల్లాకు వస్తాడు. ఇంత గొప్పవాడైతే అతనికి విజయం ఎందుకు ఇవ్వలేదని ఎరిక్ పాటలో ఓడిన్‌నే అడుగుతారు. బూడిదరంగు తోడేలు దేవతల నివాసాల వైపు చూస్తోంది కాబట్టి అంటాడు. హాకన్ అయితే వాల్కిరీనే నిలదీస్తాడు, లోపలికి వచ్చాక కూడా తన ఆయుధాలు తనే ఉంచుకుంటానంటాడు. ఆ రాజు అనుమానం నాకు చాలా నచ్చింది. కారి పక్క బల్ల మీద కత్తి ఒళ్లో పెట్టుకుని తినే ముసలి రాజు ఒకడు అలా పుట్టాడు.

కానీ ఇవి ఆస్థాన కవులు రాజులకు పాడినవి. కాడ్ చేపలు పట్టేవాళ్లకు ఎవరు పాడారు?

ఏప్రిల్ 21

దొరికింది. నాలుగు అధ్యాయాలు చింపేశాను. ఏ మాత్రం బాధ లేదు.

పశ్చిమ ఐస్‌లాండ్‌లో హెల్గాఫెల్ అనే చిన్న గుట్ట ఉంది. 'పవిత్రమైన గుట్ట' అని ఆ పేరుకు అర్థం. నార్వే నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన తోరోల్ఫ్ అనే పెద్దమనిషి, తానూ తన వాళ్లూ చనిపోయాక ఆ గుట్టలోకే వెళతామని నమ్మాడు. మొహం కడుక్కోకుండా ఎవరూ దానివైపు చూడకూడదని కట్టడి చేశాడు. అతని కొడుకు తోర్‌స్టెయిన్ ఒక శరదృతువులో చేపల వేటకు వెళ్లాడు. ఆ సాయంత్రం గొర్రెల కోసం వెళ్లిన కాపరికి గుట్ట ఉత్తరం వైపు తెరుచుకుని కనిపించింది. లోపల పెద్ద మంటలు, కొమ్ముపాత్రల సందడి. చెవి పెట్టి విన్నాడు. తోర్‌స్టెయిన్‌నూ అతని తోటివాళ్లనూ లోపలికి రమ్మంటున్నారు, తండ్రికి ఎదురుగా ఉన్న పీట మీద కూర్చోమంటున్నారు. తోర్‌స్టెయిన్ నీళ్లలో మునిగిపోయాడన్న కబురు మర్నాడు పొద్దున ఇంటికి చేరింది.

మునిగినవాడు రాన్ వలలో పడలేదు. తండ్రి దగ్గరికి వెళ్లాడు. పక్కనే పొయ్యి, ఎదురుగా నాన్న, ఇంటి వెనక రోజూ చూసే గుట్ట. స్నోరి చక్కగా విడదీసి పెట్టిన లోకాలు మామూలు మనుషుల నమ్మకంలో అలా విడిపోయి లేవు. నేను గోడకు అంటించిన కాగితం స్నోరిది. ఈ గుట్ట కారిది.

అత్తయ్యకు ఫోను చేసి మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తలుపు ఎటువైపు తెరుచుకుందన్నావు?" అని అడిగింది. ఉత్తరం వైపని చెప్పాను. రాసుకున్నట్టుంది.

మే 4

పదిహేనో అధ్యాయం. హెల్ లోకంలో కారి తల్లి లేదు. ఆమె పీట ఖాళీగా ఉంది. "ఎప్పుడో వెళ్లిపోయింది, పొయ్యి కావాలంది" అని పక్కనున్న ముసలమ్మ చెబుతుంది. కారికి అప్పుడు అర్థమవుతుంది.

మే 18

తడి గాయం సంగతి ఎటూ తేలలేదు. కథ చివర అది ఆరాలా, వద్దా?

ఆరితే ఆసా ఏడవడం మానేసిందన్నమాట. మరిచిపోయిందేమోనని కారి మొదట కుంగిపోతాడు. ఆ పేజీ రాసి చూశాను, కారి మీద నాకే కోపం వచ్చింది. నువ్వు పోయాక ఆమె జీవితాంతం ఏడవాలా? సిగ్రూన్ దుఃఖంతో త్వరగానే చనిపోయిందని పాత కథ చెబుతుంది. ఆసాను అలా చంపడానికి నాకు చెయ్యి రాదు. ఆమెకు గొర్రెలున్నాయి, కూతురుంది, బార్లీ కోతకు వచ్చింది.

మళ్లీ రాశాను. గుట్ట దగ్గరికి నడుస్తుండగా కారి రొమ్ము తడుముకుంటాడు. చొక్కా ఆరి, కాస్త గరుకుగా ఉంది, ఎండలో ఆరేసిన ఉప్పుచేప తోలులా. ఊళ్లో కోతలు మొదలై ఉంటాయి అనుకుంటాడు. ఆ రోజంతా ఇంకేమీ రాయలేకపోయాను.

జూన్ 2

చివరి అధ్యాయం కారి వైపు నుంచి రాయడం లేదు. గొర్రెల కాపరి పిల్లవైపు నుంచి రాస్తున్నాను. కారి కూతురు, పదకొండేళ్లది. తప్పిపోయిన గొర్రెను వెతుకుతూ సాయంత్రం గుట్టకు ఉత్తరం వైపు వస్తుంది. ముందే మొహం కడుక్కుని ఉండాలి, అందుకని వాగు దగ్గర ఒక పేరా కలిపాను. నాన్న ముఖం ఆమెకు గుర్తు లేదు, గొంతు మాత్రం కొంచెం గుర్తుంది.

ఇప్పటికి వచ్చిన వాక్యాలు ఇవి: 'లోపల ఎవరో పీట జరుపుతున్న చప్పుడైంది. తడి లేని చోట కూర్చో అని ఒక ముసలమ్మ అంది. నేను ఎప్పుడో ఆరిపోయానమ్మా అని ఒక మగమనిషి నవ్వాడు. పిల్ల గొర్రె చెవి పట్టుకుని కదలకుండా నిలబడింది.'

రేపు గొర్రె అరవాలి.